ఆ వెలుగు ఏ దిక్కున కనిపించింది?

లద్దాఖ్‌లో పాంగాంగ్ సరస్సు దగ్గర సరిహద్దు కాసే మన జవాన్లకు రాత్రిళ్లు ఆకాశంలో అంతుబట్టని వెలుగులు కనిపించాయి. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా అలాంటివి 329 సార్లు చూసినట్టు సైన్యం నమోదు చేసింది. అవతల చైనా. నిఘా డ్రోన్లేమోనన్న అనుమానం రావడంలో వింతేముంది? చివరికి బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలను పిలిచారు. వాళ్లు ఆ వెలుగులు కనిపించిన వేళలు, దిక్కులు తీసుకుని ఆకాశంతో సరిచూసి తేల్చిన సంగతి: ఒకటి గురుడు, ఇంకొకటి శుక్రుడు.

ఈ వార్త వచ్చినప్పుడు చాలామంది నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఎముకలు కొరికే చలిలో నిలబడి, కనిపించినదాన్ని కనిపించినట్టు ప్రతిసారీ కాగితం మీద పెట్టిన ఆ జవాన్ల మీద గౌరవం కలిగింది. వాళ్లు రాసి ఉంచబట్టే శాస్త్రవేత్తలకు లెక్క కట్టే వీలు దొరికింది. పైగా అంత ఎత్తున, అంత పలుచటి గాలిలో గ్రహాలు మనం కింద చూసేదానికన్నా ప్రకాశంగా వెలుగుతాయి. పొరబడడానికి కారణం కళ్లలో లేదు.

టెలిస్కోపు పట్టుకుని ఊళ్లు తిరిగే అలవాటు వల్ల నాకు ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ‘ఆకాశంలో ఏదో లైటు కనపడింది, అదేంటో చెప్పండి’ అని. ఈ పనిలో నేను గట్టిగా పట్టుకున్న పద్ధతి ఒక్కటే. అదేమిటని చూసినవాళ్లను అడగను. అది తేల్చాల్సింది నేను. ఎక్కడ నిలబడి చూశారు, ఏ దిక్కున, ఎంత ఎత్తులో, ఎంతసేపు, ఎలా కనుమరుగైంది అనే అడుగుతాను. మనిషి కన్ను ఈ ప్రశ్నలకు చాలా నమ్మకంగా జవాబు చెబుతుంది. ‘ఏమిటి’ అనగానే మాత్రం కన్ను పక్కకు తప్పుకుంటుంది, ఊహ ముందుకొస్తుంది.

పల్నాడు నుంచి ఒక మిరప రైతు చేసిన ఫోను చెబుతాను. 2025 జనవరి, సంక్రాంతికి కొంచెం ముందు. చేను దగ్గర్నుంచి బండి మీద ఇంటికొస్తుంటే పెద్ద లైటు ఒకటి తన వెంబడే వచ్చిందన్నాడు. గొంతులో భయం తెలుస్తూనే ఉంది.

‘ఎంత ఎత్తులో ఉందన్నా?’

‘తాడిచెట్టుకు రెండింతలుంటది సార్.’

అందరూ ఇలాగే చెబుతారు. చీకట్లో ఒంటరి వెలుగు ఎంత దూరాన ఉందో, ఎంత పెద్దదో చెప్పడం ఎవరి తరమూ కాదు. తాడిచెట్టంత ఎత్తులో ఉన్న దీపమైనా, పది కోట్ల కిలోమీటర్ల అవతలున్న గ్రహమైనా కంటికి ఒకే చుక్క. కోణం మాత్రం కొలవొచ్చు. చెయ్యి తిన్నగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు పది డిగ్రీలు. చిటికెనవేలి మందం ఒక డిగ్రీ పైచిలుకు. పిల్లల పిడికిళ్లు చిన్నవైనా వాళ్ల చేతుల పొడవూ తక్కువే కాబట్టి లెక్క పెద్దగా మారదు. ఇంత చక్కటి కొలబద్ద అందరి దగ్గరా ఉంది.

అతన్ని మరుసటి రోజు అదే వేళకు అదే చోట నిలబడి ఫోను చేయమన్నాను. ఎనిమిదింటికి చేశాడు. ‘మళ్లీ వచ్చింది సార్, అక్కడే ఉంది!’ పడమర దిక్కు, కాస్త ఎడమకు. నేల గీత నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టి కొలవమన్నాను. రెండు పిడికిళ్లు, అంతకన్నా కొంచెం తక్కువే అన్నాడు. ‘అరగంట ఆగి మళ్లీ కొలువన్నా’ అన్నాను. ఈసారి ఒకటే పిడికిలి, ఆ పైన కాస్త. భూమి తిరగడం వల్ల ఆకాశం గంటకు పదిహేను డిగ్రీలు, అంటే పిడికిలిన్నర జరుగుతుంది. అరగంటకు ముప్పావు పిడికిలి. అతని చెయ్యి చెప్పిన లెక్క అదే. ఆ జనవరిలో శుక్రుడు సూర్యుడికి వీలైనంత ఎడంగా, 47 డిగ్రీల దూరాన ఉన్నాడు. పొద్దుగూకాక మూడు గంటలకు పైగా పడమటి ఆకాశంలో వెలిగేవాడు. ఇక వేరే ఆధారం అక్కర్లేదు.

‘మరి నా ఎంబడి ఎందుకొచ్చింది సార్?’

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. పక్కన తుమ్మచెట్లు, కరెంటు స్తంభాలు వెనక్కి పోతుంటే, మన కదలికకు చలించనంత దూరాన ఉన్నది మాత్రం మనతోపాటే వస్తున్నట్టుంటుంది. చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి చందమామను చూసినవాళ్లందరికీ తెలిసిన సంగతే. దీనికి ఇంకొకటి తోడవుతుంది. చుట్టూ ఆనవాళ్లేమీ లేని చీకట్లో ఒకే చుక్కను తదేకంగా చూస్తే, అది కదలకపోయినా అటూ ఇటూ జరుగుతున్నట్టు అనిపిస్తుంది. దీనిమీద 1930లలో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వవేత్త చీకటి గదిలో చిన్న దీపం పెట్టి ప్రయోగాలు చేశాడు. కొందరిని కలిపి కూర్చోబెడితే, లేని ఆ కదలిక ఎంతన్నదానిపై వాళ్ల అంచనాలు మెల్లగా ఒకదానికొకటి దగ్గరయ్యాయి. అందుకే ఒక ఊళ్లో నలుగురు చూశారంటే నలుగురితోనూ విడివిడిగా మాట్లాడతాను. రచ్చబండ మీద ఒకసారి కలిసి చెప్పుకున్నారంటే ఇక మిగిలేది ఒకే కథ. టీవీ మైకు ముందే వెళ్లి ‘ఏలియన్సేనా?’ అని అడిగిన ఊరికి వెళ్లడం నాకు నిజంగా బాధ. అక్కడ మొదటి చూపు చెరిగిపోయి ఉంటుంది.

ఎంతసేపు కనిపించిందన్నది చిన్న ప్రశ్నే, దానితో సగం చిక్కు విడిపోతుంది. 2022 ఏప్రిల్ 2, ఉగాది. ఆ సాయంత్రం మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌ల మీదుగా నిప్పు చారలు సాగాయి. రాత్రికి వీడియోలు మన ఫోన్లన్నిటికీ చేరాయి. ఉల్కలన్నారు, విమానం కూలిందన్నారు. ఉల్క సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, రెప్పపాటులోనో కొన్ని సెకన్లలోనో అయిపోతుంది. వీడియోల్లో ఉన్నది అలా లేదు. తాపీగా, దాదాపు అడ్డంగా, ముక్కలై కూడా గుంపు చెదరకుండా సాగింది. కక్ష్యలోంచి జారిన వస్తువు వేగం సెకనుకు ఎనిమిది కిలోమీటర్ల లోపే. ఆ నడక చూస్తేనే ఇది మనిషి చేసి పంపిందని తెలిసిపోతుంది. అది 2021 ఫిబ్రవరిలో ప్రయోగించిన చైనా లాంగ్ మార్చ్ 3బి రాకెట్ మూడో దశ అయి ఉంటుందని ఉపగ్రహాల లెక్కలు చూసే జోనాథన్ మెక్‌డొవెల్ చెప్పాడు. మన ఆసిఫాబాద్‌కు పొరుగునే ఉన్న చంద్రపూర్ జిల్లా సిందేవాహి దగ్గర సుమారు మూడు మీటర్ల అడ్డుకొలత ఉన్న లోహపు చక్రం పడి దొరికింది. ఆ రాకెట్ మూడో దశ వ్యాసం కూడా మూడు మీటర్లే.

ఇలాంటిదే 1968 మార్చి 3న అమెరికాలో జరిగింది. సోవియట్ జోండ్-4 ప్రయోగానికి వాడిన రాకెట్ శకలాలు కాలుతూ కొన్ని రాష్ట్రాల మీదుగా వెళ్లాయి. చాలామంది చూసింది చూసినట్టే చెప్పారు. కొందరు మాత్రం పొడవాటి చుట్ట ఆకారంలో ఉన్న విమానాన్నీ, దానికి వరసగా వెలిగే కిటికీలనూ చూశామన్నారు. ఇలాంటి కథనాలపై కొలరాడో విశ్వవిద్యాలయం చేసిన పరిశీలనలో విలియం హార్ట్‌మన్ దీన్ని వివరంగా రాశాడు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. విడివిడి నిప్పురవ్వలు ఒకే తీరున కదిలితే, మధ్య చీకట్లో వాటిని కలిపే శరీరాన్ని మనసే కల్పించుకుంటుంది. కాబట్టి ‘కిటికీలు కనపడ్డాయి’ అని ఎవరైనా అంటే నేను కొట్టెయ్యను. ‘వరసగా వెలుగులు’ అని రాసుకుంటాను. సాక్ష్యం అక్కడిదాకా చెక్కుచెదరనిది.

మిగతావాటిలో చాలావరకు త్వరగానే తేలిపోతాయి. ఎదురుగా వచ్చే విమానం హెడ్‌లైటు నిమిషాల తరబడి కదలనట్టే ఉంటుంది. పక్కకు తిరిగాక ఎడమ రెక్కన ఎరుపు, కుడి రెక్కన ఆకుపచ్చ బయటపడతాయి. రైలుబండిలా వరసగా పోయే చుక్కలు 2019లో మొదలైన స్టార్‌లింక్ ఉపగ్రహాలు. హైదరాబాద్‌లో టాటా మౌలిక పరిశోధన సంస్థ వదిలే భారీ బెలూన్లు పొద్దువాలిన వేళ బాగా తికమక పెడతాయి. కింద మనకు చీకటి పడినా, ముప్పై కిలోమీటర్ల ఎత్తున వాటి మీద ఇంకా ఎండే ఉంటుంది. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో జనం గుమిగూడి చూసిన గుండ్రటి గూడు అలాంటి బెలూన్ మోసుకెళ్లి దించినదే.

అన్నీ తేలవు. అమెరికా వైమానిక దళం ‘బ్లూ బుక్’ పేరుతో ముగించిన విచారణలో 1947 నుంచి 1969 వరకు వచ్చిన 12,618 కథనాలు ఉంటే, 701 తేలకుండా మిగిలాయి. దానికి సలహాదారుగా ఉన్న ఖగోళ శాస్త్రవేత్త అలెన్ హైనెక్, సాక్షుల మాటను సరిగా వినకుండా తోసిపుచ్చుతున్నారని తర్వాత్తర్వాత విమర్శించాడు. ఆయన తేల్చిన ప్రతిదానితో నేను ఏకీభవించను గానీ ఆ విమర్శ న్యాయమైనదే. తేలలేదంటే గ్రహాంతరవాసులని అర్థం కాదు, చూసినవాళ్లు పిచ్చివాళ్లని అంతకన్నా కాదు.

నా పుస్తకంలోనూ ‘సమాచారం చాలదు’ అని రాసి వదిలిన పేజీలున్నాయి. ఈమధ్య బాపట్ల తీరంలో వేటకెళ్లినవాళ్లు నీళ్లకు కాస్త పైన నారింజరంగు వెలుగు చూశారు. రెండు పడవల వాళ్లు రెండు దిక్కులు చెప్పారు. ఇద్దరి మాటా నిజమైతే రెండు గీతలూ కలిసే చోటే ఆ వెలుగు ఉండాలి, దూరం కూడా తేలిపోయేది. కానీ ఆ రాత్రి ఏ పడవ ఎక్కడుందో ఎవరికీ గుర్తులేదు. వాళ్లలో పెద్దాయన చాలాసేపు ఆలోచించి, ‘ఈసారి కనపడితే జీపీఎస్‌లో పాయింటు కొట్టి పెట్టమంటారా?’ అని అడిగాడు. కొట్టి పెట్టండి, పక్క పడవ వాళ్లకూ చెప్పండి, టైము మాత్రం మర్చిపోకండి అన్నాను.