ముల్లు దొరికేదాకా చెయ్యి తీయడు

మా పల్నాడులో పాత మాసీ 1035 ట్రాక్టరు నడిపేవాడికి ఇద్దరు శత్రువులు. ఒకటి సర్కారు తుమ్మ ముల్లు. రెండోది, పత్తికట్టెను వేళ్ళతో సహా పీకకుండా కొడవలితో ఏటవాలుగా నరికి వదిలేసిన మోడు. ఈ రెంటి నుంచీ అరిగిన టైరును కాపాడే విద్య ఒకటుంది. ఆ విద్యలో మా ఊరి రోడ్డు పక్క రేకుల షెడ్డు మేస్త్రిని మించినవాణ్ణి నేను చూడలేదు.

ట్రాక్టరుకు గాలి టైరు వచ్చి ఇంకా వందేళ్ళు కాలేదు. అంతకుముందు ఇనుప చక్రాలే, ముల్లు దిగే ప్రశ్నే లేదు. అమెరికాలో ఆలిస్ చామర్స్ కంపెనీ వాళ్ళు 1932లో తమ ట్రాక్టరుకు ఫైర్‌స్టోన్ గాలి టైర్లు తొడిగారు. మరుసటి ఏడే కారు పందేల బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ ఆ ట్రాక్టరును గంటకు వంద కిలోమీటర్లు దాటించాడు.

మేస్త్రి పని చూడాలి! టైరు ఊడదీయక ముందే వాల్వుకు ఎదురుగా టైరు మీద సుద్దగీత పెడతాడు. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ లేచిందో చూసి, వాల్వు నుంచి జానలు లెక్కపెడతాడు. టైరు మీదా గీత నుంచి అన్నే జానలు. ఓసారి అక్కడ పైకి ఏమీ కనబడలేదు. అరచేతికి పాత నూలుగుడ్డ చుట్టి లోపల నెమ్మదిగా నిమిరాడు. దారం పట్టింది. ఆవగింజంత ముల్లుమొన! పట్టకారుతో లాగి నా అరచేతిలో పెట్టాడు.

విద్యంతా అక్కడే ఉంది. ఇవాళ గుచ్చుకున్న ముల్లు ఇవాళే ట్యూబును చేరదు. విరిగి, రబ్బరులో దాగి, తిరిగే కొద్దీ లోపలికి నడుస్తుంది. అందుకే సాయంత్రం బండి నిలపగానే టైరు గుబ్బల సందులు వెతికి ముళ్ళు పీకమంటాడు. దుక్కిలో వెనక టైరుకు 12 నుంచి 14 పౌండ్ల గాలి ఉండాలి. తక్కువైతే టైరు రిమ్ము మీద జారి వాల్వు మెడ తెగుతుంది, మరీ బిగిస్తే మోడు సులువుగా దిగుతుంది. రిమ్ము తుప్పును తీగబ్రష్షుతో గీకి రెడాక్సైడు పూస్తాడు. ట్యూబుకు సుద్దపొడి చల్లి, కాస్త గాలి కొట్టి, వదిలి, మళ్ళీ కొడతాడు, మడత మిగలకుండా. ప్యాచీ మూలలు గుండ్రంగా కోస్తాడు, కోణం ఉంటే లేస్తుందని. చివర వాల్వు మూతి మీద ఉమ్మితడి పెట్టి బుడగ లేదని తేలాకే టోపీ బిగిస్తాడు.

ఇప్పుడేం చేస్తున్నారు? ట్యూబులో పచ్చటి జిగురు పోయించుకుని నిశ్చింత అంటున్నారు! ముల్లు అక్కడే ఉంది నాయనా, జిగురు రంధ్రాన్ని పూడుస్తుందే గానీ ముల్లును తీయదు. తర్వాత ఆ జిడ్డు ట్యూబు మీద ప్యాచీ నిలవదు. పాత రబ్బరు కలిపి చేసిన చౌక ట్యూబులు సరేసరి, అతుకు దగ్గరే నోరు తెరుస్తాయి. సొల్యూషను ఆరకముందే అంటించి డబ్బులు తీసుకునే షెడ్లను చూస్తే కడుపు మండుతుంది. నా ఓటు ఎప్పటికీ వేడితో అతికించే ప్యాచీకే.

మేస్త్రి దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు. ట్రాక్టరున్న తమ్ముళ్ళారా, ఈసారి టైరులో గాలి దిగితే మెకానిక్కును పొలానికి పిలవకండి. చక్రం ట్రాలీలో వేసుకుని ఆ షెడ్డుకే వెళ్ళండి. పక్కన కూర్చుని, ఆ గుడ్డ చుట్టిన చేతిని టైరు లోపల మీరూ ఒకసారి తిప్పి చూడండి.