వర్గం ఎవరిది? – 'ఫ్రెడ్‌ఆర్' వివరణ పత్రంపై ఒక విమర్శ

ఉపోద్ఘాతం

అమెరికాలోని సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు 'ఫ్రెడ్' అనే ఆర్థిక గణాంక నిధిని 1991లో ప్రారంభించింది. ఆ నిధిలోని సమాచారాన్ని 'ఆర్' భాషలోకి తెచ్చుకోవడానికి ఏర్పడిన ప్యాకేజీ పేరు 'ఫ్రెడ్‌ఆర్'. అందులో గణాంకాలను కాక, గణాంకాల వర్గాలను జాబితాగా ఇచ్చే ఫంక్షన్లు కొన్ని ఉన్నాయి. వాటి కోసం రాసిన వివరణ పత్రాన్ని శాస్త్రీయ గద్యంగా తీసుకొని, అది పాఠకుడికి ఏమి చెప్పిందో, ఏది చెప్పకుండా వదిలిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆర్థిక గణాంకాలతో పనిచేసే పరిశోధకులు ఇటువంటి పత్రాలను ఆధారంగా చేసుకొనే తమ సిద్ధాంత గ్రంథాల్లో మూలాలను పేర్కొంటున్నారు. కాబట్టి వీటిని విమర్శకు అతీతంగా ఉంచడం సరికాదు.

పత్రం చెప్పినది

'కేటగిరీ చిల్డ్రన్' అనే ఫంక్షన్‌కు ఒక వర్గసంఖ్య ఇస్తే, దాని ఉపవర్గాలు వరుసగా వస్తాయి. సంఖ్య 0 అయితే అది మూలవర్గం. ప్రతి వరుసలో వర్గసంఖ్య, పేరు, మాతృవర్గ సంఖ్య ఉంటాయి. పత్రం మాత్రం ఫలితం ఒక 'టిబుల్' అని చెప్పి ఊరుకుంటుంది. నడిపి చూస్తే తప్ప నిలువు వరుసల పేర్లు తెలియవు. అయినా ఇది చిన్న లోపమే. ఏ ఇన్‌పుట్ ఇవ్వాలో, అది ఏ రకానిదై ఉండాలో పత్రం పొదుపైన వాక్యాల్లో, అన్వయక్లేశం లేకుండా చెబుతుంది. సాంకేతిక గద్యానికి ఈ పొదుపు గుణమే.

వర్గీకరణలోని సాంకర్యం

మూలవర్గం కింద ఎనిమిది శాఖలు కనిపిస్తాయి. ద్రవ్యం–బ్యాంకింగ్, జనాభా–ఉపాధి, జాతీయ ఖాతాలు, ఉత్పత్తి, ధరలు అనే అయిదూ విషయాన్ని బట్టి చేసిన విభజన. అంతర్జాతీయ సమాచారం, అమెరికా ప్రాంతీయ సమాచారం అనే రెండూ దేశాన్ని, ప్రాంతాన్ని బట్టి చేసినవి. ఎనిమిదవదైన విద్యాసంబంధ సమాచారం ఎవరు తయారుచేశారన్న దాన్ని బట్టి చేసినది. అంటే ఒకే పంక్తిలో మూడు విభజన సూత్రాలు పనిచేస్తున్నాయి. ఒకదానిలో ఒకటి పూర్తిగా ఇమడకుండా పరస్పరం కలిసిపోయే ధర్మాలను న్యాయశాస్త్రం సాంకర్యమనే దోషం కింద చూపి, వాటిని జాతులుగా అంగీకరించదు. గ్రంథాలయంలో పుస్తకాలు సర్దేవారికి ఆ కట్టుబాటు అక్కరలేదు. వెదికేవాడికి పుస్తకం దొరికితే చాలు. ఫ్రెడ్ వర్గాలు సరిగ్గా అటువంటి సర్దుబాటే. నిరుద్యోగ రేటును లెక్కించేది అమెరికా కార్మిక గణాంక సంస్థ. దాన్ని ఏ అరలో పెట్టాలో నిర్ణయించేది సెయింట్ లూయిస్ బ్యాంకు. పత్రం ఈ భేదాన్ని ఎక్కడా ఎత్తి చూపదు. అందువల్ల అర పేరే అధికారిక వర్గీకరణ అనే భ్రమ పాఠకుడికి కలుగుతుంది. అమెరికా జాతీయ ఆర్థిక పరిశోధన సంస్థ అనే ప్రైవేటు సంస్థ కూర్చిన చారిత్రక శ్రేణులు కూడా ఇదే చెట్టుకు వేలాడుతున్నాయన్నది గమనార్హం.

భ్రమ పేరుతోనే ఆగదు, లెక్కలోకీ వస్తుంది. ఒక వర్గానికి మాతృవర్గం ఒక్కటే. కానీ ఒక శ్రేణి ఒకటికి మించిన వర్గాల్లో ఉండవచ్చు. జపాన్ యెన్–డాలరు మారకపు రేటు శ్రేణి 'నెలవారీ రేట్లు' అనే 95వ వర్గంలోనూ, 'జపాన్' అనే 275వ వర్గంలోనూ ఉంది. చెట్టు మొదటినుంచి కొమ్మకొమ్మకూ వెళ్లి శ్రేణులను కూడుకుంటూ పోయిన పరిశోధకుడు దాన్ని రెండుసార్లు లెక్కిస్తాడు. శ్రేణి నుంచి వర్గాలకు వెళ్లే మరో ఫంక్షన్‌తో సరిచూసుకోవచ్చు. ఆ అవసరం ఉందన్న సంగతి వర్గాల పుటలోనే ఒక వాక్యంగా ఉండవలసింది.

'సంబంధిత వర్గం' విషయంలో మాత్రం ఫ్రెడ్ నిర్వాహకుల సొంత వివరణ మెచ్చదగినది. అది మాతృ–ఉపవర్గ క్రమానికి బయటిదని, ఏకముఖమైనదని స్పష్టంగా నిర్వచించింది. తెలుగులో సంబంధమనగానే ఇరువైపులా ఉండేదనే అనుకుంటాం. కనుక దీన్ని అనువదించేవారు ఏదైనా వేరే మాట వెదకక తప్పదు.

భారతీయ పరిశోధకుడికి

అంతర్జాతీయ శాఖలో దేశాల కింద భారతదేశం కూడా ఉంది. అక్కడి మన వినియోగదారుల ధరల సూచికల్లో కొన్ని ఓఈసీడీ ద్వారా చేరినవి. వర్గాన్ని పట్టుకొని శ్రేణిని తెచ్చుకున్న విద్యార్థి ఆధారంగా 'ఫ్రెడ్' అని ఒక్క మాట రాస్తే, ధరలు సేకరించిన భారత ప్రభుత్వ సంస్థ గానీ, మధ్యలో వాటిని సమకూర్చిన ఓఈసీడీ గానీ కనబడవు. అంకె మారకపోవచ్చు, దానికి జవాబుదారీ ఎవరన్నది మాత్రం మారిపోతుంది. శ్రేణి వివరాల్లో మూలసంస్థ పేరు ఉంటుంది. దాన్ని చూడమని వర్గాల పుట చెప్పదు. మరో మూడు వాక్యాలు చేర్చినా ఆ పత్రం పొదుపు చెడేది కాదు.