యుద్ధానంతర నాటకంలో వర్గసంఘర్షణ: ‘మా భూమి’, ‘రూట్స్’, అనంతపురం మెట్టసీమ

రెండవ ప్రపంచయుద్ధం తర్వాతి తెలుగు నాటకంలో వర్గసంఘర్షణను చర్చించే విమర్శకు ‘మా భూమి’ (1947) కొలబద్దగా నిలిచింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రచించగా ప్రజానాట్యమండలి ఊరూరా ప్రదర్శించిన ఆ నాటకానికి ఆ గౌరవం తగినదే. మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించడమే దాని శక్తికి సాక్ష్యం. అయితే ఆ కొలబద్ద తెలంగాణ దేశ్‌ముఖీ వ్యవస్థ నుండి పుట్టింది. అక్కడ దోపిడీకి ఒక పేరుంది, ఒక గడీ ఉంది. జనం ఎవరిపై తిరగబడాలో ప్రేక్షకునికి సందేహం లేదు.

అనంతపురం పీఠభూమికి ఈ కొలత చాలదు. 1800లో నిజాం నుండి ఆంగ్లేయులకు సంక్రమించిన దత్తమండలాలకు 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో రైతువారీ పద్ధతికి ఇక్కడ పునాది వేశాడు. రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టాడు. వాన ముఖం చాటేసిన ఏడు పట్టాదారే కూలికి పోతాడు. ఒకే మనిషి ఒక కారులో యజమాని, మరొక కారులో కూలి. దోపిడీ లేదని కాదు, అది అప్పుగా, ధరగా, శిస్తుగా వస్తుంది గాని గుర్రమెక్కి రాదు. ఇటువంటి సంఘర్షణను వేదికపై ఎవరెవరి మధ్య నిలపాలి?

ఈ ప్రశ్నకు యుద్ధానంతర బ్రిటిష్ నాటకం కొంత దారి చూపుతుంది. సాధారణంగా మొదట స్ఫురించేది జాన్ ఆస్బర్న్ ‘లుక్ బ్యాక్ ఇన్ యాంగర్’ (1956). మిఠాయి దుకాణం నడిపే జిమ్మీ కోపమంతా భార్య ఆలిసన్ మీద పడుతుంది. ఆమె తండ్రి భారతదేశంలో కొలువు చేసి వెళ్లిన కల్నల్. వర్గవైరం కాపురంలోకి దిగింది, నిజమే. కాని జిమ్మీ చదువుకున్నవాడు, మాటకారి. అతని బాధ మెట్టరైతు బాధకు దూరం.

ఆర్నాల్డ్ వెస్కర్ ‘రూట్స్’ (1959) దగ్గరిది. నార్ఫోక్ వ్యవసాయ కూలీ కుటుంబమే అందులో రంగస్థలం. పొలం మేనేజరు కాసేపు కనిపిస్తాడు గాని యజమాని కనిపించడు. బీటీ తన అక్క కోసం కేకు చేయబోతే కరెంటు ఖర్చని తండ్రి అడ్డుపడతాడు. ఇంటి ఖర్చుకు అతడిచ్చే డబ్బు చాలదని తల్లికి గుర్రు. ఆ తండ్రినే చివరకు రోజుకూలీగా దించుతారు. వర్గసంఘర్షణ అనే మాట ఎవరూ పలకకుండానే పొయ్యి దగ్గరి పేచీలో అది తేటతెల్లమవుతుంది. ‘మా భూమి’కి ఈ అవసరం రాలేదు, రానందుకు దానిని తప్పుపట్టనూ కూడదు.

మెట్టసీమలో ఇటువంటి దృష్టి లేకపోలేదు. అది నాటకంగా కాక కావ్యంగా వచ్చింది. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో రంగడు ఒకప్పుడు బాగా బతికిన రైతు ఇంటి బిడ్డ; కావ్యకాలానికి కూలి. అతనికీ గంగమ్మకూ ఎదురుగా దేశ్‌ముఖ్ ఎవరూ నిలబడరు. ‘మా భూమి’ కొలతతో చదివితే ఇందులో పోరాటం లేదనిపిస్తుంది, కరువు వర్ణన మాత్రమే మిగులుతుంది. వెస్కర్ పక్కన పెట్టి చదివితే రంగడి పతనమే వర్గకథ అవుతుంది, కరువు దానికి కారణాలలో ఒకటి మాత్రమే.

పోలికకు హద్దు కూడా ఉంది. కోల్పోవడానికి బ్రయంట్ కుటుంబానికి సొంత సేద్యం లేదు. రంగడి ఇంటికి ఉండేది. ‘రూట్స్’ ముగింపులో బీటీ తన గొంతు తాను కనుగొంటుంది, ఇంటివారు మాత్రం వినిపించుకోక తిండి మీద పడతారు. గంగమ్మ గుడిసెలో ఆ దృశ్యాన్ని అలాగే ఆడించడం సాధ్యం కాదు. అక్కడ పళ్లెంలో ఏమీ ఉండదు.