ఎన్నోసారి స్వామీ?

కార్తీకం వచ్చిందంటే మన వీధులు నల్లబట్టలు కట్టుకుంటాయి. అయ్యప్ప మాల వేసుకున్నవాడికి పేరుండదు. ఆఫీసరూ స్వామే, ఆయన కారు డ్రైవరూ స్వామే. 41 రోజులు చెప్పుల్లేని కాళ్లు, తెల్లారకముందే చన్నీళ్లు, నేలమీద పడక, మధ్యాహ్నం భిక్ష. అహంకారానికి కూర్చోను పీట లేకుండా చేయడానికి ఇంతకంటే పకడ్బందీ ఏర్పాటు నాకు తెలీదు.

అయితే అహంకారం ఊరుకునే రకమా! పీఠం దగ్గర కొత్తగా వచ్చినవారు "మీకిది ఎన్నోసారి స్వామీ?" అని అడుగుతారు. మొదటిసారైతే కన్నెస్వామి, తర్వాత కత్తి, గంట, గద... జవాబిచ్చేటప్పుడు నా గొంతు కాస్త బరువెక్కుతుంది. ఎరుమేలి నుంచి పెద్దపాదం అడవిదారిన నడిచిన సంగతి ఎవరూ అడగలేదు. అదీ చెప్పేస్తాను.

ఇంట్లో మరీ కష్టం. కన్నతల్లే "భిక్షకు రండి స్వామీ" అంటుంది. పెద్దవాళ్లు వంగి పాదాలు తాకుతారు. ఆ దండం మెడలోని మాలకేనని తెలుసు. తెలిసినా, నాలుగు రోజులు పోయాక భిక్ష కాస్త ఆలస్యమైతే చాలు, ముఖం మాడుతుంది. చన్నీళ్లకు వణికిన అహం ఈ మర్యాదకు ఇట్టే ఒళ్లు చేస్తుంది. నన్నడిగితే దీక్షలో కఠిన నియమం చెప్పులు మానడం కాదు, ఈ దండాలు పుచ్చుకోవడం. అందుకే మా గురుస్వామి ఎవరు మొక్కినా "స్వామి శరణం" అంటూ తనూ వంగుతారు, మొక్కింది పసివాడైనా సరే.

ఇరుముడి కట్టేరోజు ఆయన పక్కనే కూర్చుంటాను. పీచు గీకి నున్నగా చేసిన కొబ్బరికాయకు కన్ను తొలిచి, లోపలి నీళ్లు చుక్క మిగలకుండా వంపుతారు. ఆ తర్వాతే నెయ్యి. శరణుఘోష మధ్య నిండాక బిరడా బిగిస్తారు. శబరిమల సన్నిధానంలో కాయ పగిలితే నెయ్యి అభిషేకానికి, చిప్ప హోమగుండానికి. నెయ్యి జీవాత్మ, చిప్ప దేహం అంటారు పెద్దలు. నా చూపు మాత్రం ఆ నీళ్లు వంపడం మీదే నిలుస్తుంది.

ఇక పద్దెనిమిది మెట్ల సంగతి. పైన 'తత్త్వమసి' అని రాసి ఉంటుంది. కింద క్యూలో "మా గ్రూపు ముందు" అని తోపులాట!

ఈ ఏడు మాల వేసుకునే స్వాములకు ఒక్క విన్నపం. ఎన్నోసారి అని ఎవరైనా అడిగితే "స్వామి శరణం" అని ఊరుకోండి. లెక్క కావలసినవాళ్లు మీ గురుస్వామిని అడుగుతారు.