అసలు ఎవరిది? నకలు ఎవరిది?

1994. నల్లగొండ. నేనప్పుడు ఏడో తరగతి. బస్టాండు దగ్గర క్యాసెట్ల దుకాణంలో, పాన్ డబ్బాలో, సైకిల్ షాపులో ఎక్కడ విన్నా 'మోహ్రా' పాటే. 'తూ చీజ్ బడీ హై మస్త్ మస్త్'. పెళ్లి బారాత్‌లో బ్యాండు వాళ్లు అదే వాయించారు. వినాయకుడి ఊరేగింపులోనూ అదే. రెండు చోట్లా నేను ఎగిరాను. అబద్ధం ఎందుకు?

మా ఇంట్లో ఇంకో క్యాసెట్ ఉండేది. జిద్దాలో డ్రైవరుగా పనిచేసే మామూ పంపింది. నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీలు. అబ్బా జుమేరాత్ పూట లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కి దర్గాకు పోయి వచ్చేవాడు. ఆ రాత్రి ఆ క్యాసెట్ పెట్టుకుని కళ్లు మూసుకుని వినేవాడు. అందులో ఒక ఖవ్వాలీ ఖలందర్‌ని పిలుస్తూ 'మస్త్ మస్త్' అని తిరిగి తిరిగి అదే మాట మీదికి వచ్చేది.

ఒకరోజు నా దోస్తు ఇంటికి వచ్చినప్పుడు ఆ క్యాసెట్ నడుస్తోంది. చెవి పెట్టి విన్నాడు. వాడి మొహం వెలిగిపోయింది.

"అరే, ఇది మోహ్రా పాటే కదర! మీ తురకోళ్లు గూడ కాపీ కొడ్తరార?" అన్నాడు.

అబ్బా నవ్వి ఊరుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. వాడు చెడ్డవాడు కాదు. రంజాన్ పండుగకు మా అమ్మీ చేసిన సేమియా నాకంటే ముందు తినేవాడు. వాడు ముందు విన్నది సినిమా పాట, తర్వాత విన్నది నుస్రత్‌ని. ముందు విన్నదే అసలు అనుకున్నాడు.

ముప్పై ఏళ్లు దాటినా ఆ మాట నన్ను వదల్లేదు. ఈ మట్టిలో పుట్టి, ఈ తెలుగు మాట్లాడి, ఈ మట్టిలోనే కలిసే వాళ్లని పట్టుకుని 'మీరు ఎక్కణ్ణుంచి వచ్చారు?' అని అడిగినప్పుడల్లా నాకు ఆ క్యాసెట్టే గుర్తొస్తుంది. ఇక్కడున్న అసలు కూడా ఎక్కడినుంచో దిగిన నకలు లెక్క కనబడుతుంది.

తమాషా ఏమిటంటే 'అసలు', 'నకలు' అనే మాటలు రెండూ అరబ్బీలో పుట్టి, పారసీ ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చినవే. ఏది మీది, ఏది మాది అని తూచడానికి తెలుగువాడు వాడే తూకంరాళ్లు కూడా మా ఇంటి మీదుగా వెళ్లినవే. 'మస్తు' సంగతీ అంతే. 'సినిమా మస్తుగుంది' అనే తెలంగాణ పిల్లవాడికి అది పారసీ మాట అని తెలియనక్కర్లేదు. ఆ మాట వాడిదే. దాని మీద నాకు పేచీ లేదు.

కాబట్టి నా ఫిర్యాదు కాపీ కొట్టారని కాదు. ఒకరు పాడిన పాట ఇంకొకరు పాడకపోతే పాట చచ్చిపోతుంది. నుస్రత్ పాడిందీ ఆయన సొంత ఆస్తి కాదు. సింధ్‌లోని సెహ్వాన్‌లో దర్గా ఉన్న లాల్ షహబాజ్ ఖలందర్ మీద జనం తరతరాలుగా పాడుకుంటున్న పాటలున్నాయి. వాటిని కొందరు అమీర్ ఖుస్రోకి, కొందరు బుల్లే షాకి ముడిపెడతారు. సింధీ హిందువులు కొలిచే ఝూలేలాల్ పేరు కూడా వాటిలో కలిసిపోయింది. నూర్జహాన్ పాడింది. బంగ్లాదేశ్‌కు చెందిన రూనా లైలా పాడి మన దేశంలో ఇంటింటికీ తెచ్చింది. ఆబిదా పర్వీన్ పాడింది, వడాలీ సోదరులు పాడారు. నుస్రత్ ఆ పిలుపుకే మరో బాణీ కట్టాడు. 1990లో ఆయన 'మస్త్ మస్త్' ఆల్బం వచ్చినప్పుడు ఇంగ్లండ్‌లోని మాసివ్ అటాక్ అనే బృందం దాన్ని రీమిక్స్ చేసింది. క్లబ్బుల్లో గంతులేసేందుకు చేసిన రీమిక్స్ అది. అయినా అందులో ఖలందర్ పేరు చెక్కుచెదరలేదు.

ఇన్ని గొంతులు, ఇన్ని వాద్యాలు, ఇన్ని దేశాలు మారాయి. పిలుస్తున్నది మాత్రం ఒకరినే. మంచి కవర్ వెర్షన్‌కీ చెడ్డ కవర్ వెర్షన్‌కీ నా దగ్గరున్న గీటురాయి ఇదే. గొంతు సరిపోయిందా, గమకం పలికిందా అన్నవి తర్వాతి సంగతులు. ముందు అడగాల్సింది ఈ పాట ఎవరిని పిలుస్తోంది అని. ఆ పిలుపు మిగిలిందా, లేదా?

ఇప్పుడు 'మోహ్రా' పాట దగ్గరికి వద్దాం. విజు షా ఆ పిలుపును డాన్సు పాటగా మలిచిన తీరులో నేర్పు ఉంది. దరువు బాగుంది, ఉదిత్ నారాయణ్, కవితా కృష్ణమూర్తి హుషారుగా పాడారు. అయితే ఖలందర్ ఉన్న చోట ఎవరొచ్చారు? ఒక ఆడమనిషి. వచ్చినా ఫరవాలేదు. సూఫీ కవిత్వంలో ప్రియురాలు కొత్తా? కానీ ఆ పాట ఆమెను ప్రియురాలు అనలేదు, 'చీజ్' అంది. వస్తువు అన్నమాట. సమాలో 'మస్త్' అంటే నేను అనేది కరిగిపోయిన స్థితి. సినిమాలో 'మస్త్' అంటే అంగడి సరుకు మీద అంటించిన చీటీ. పిలిచే మాట పోయి ధర కట్టే మాట వచ్చింది. 2017లో 'మషీన్' అనే సినిమా కోసం ఆ పాటను మళ్లీ చేశారు. నకలుకు నకలు. ఖలందర్ పేరు పోయిందని గుర్తుపెట్టుకున్నవాడు కూడా అప్పటికి మిగల్లేదు.

1997లో 'ఔజార్' సినిమాలో అను మలిక్ ఇంకో అడుగు ముందుకేశాడు. నుస్రత్ 'అల్లా హూ' బాణీ మీద 'ఐ లవ్ యూ' అని కూర్చాడు. అదే ఏడు ఆగస్టులో నుస్రత్ చనిపోయాడు. 'మస్త్ మస్త్' పాట గురించి అంతగా పట్టించుకోని మనిషి, దీని గురించి మాత్రం తన నొప్పి బయటికే చెప్పుకున్నాడు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మనోభావాలు దెబ్బతిన్నాయని పాటలు ఆపించే వాళ్ల వరసలో నేను నిలబడను. ఆ వరస ఎక్కడికి పోతుందో మైనారిటీలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చట్టం కూడా ఇక్కడ పెద్దగా పనికిరాదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, పాట మొదటిసారి రికార్డయిన ఏడాది తర్వాత అయిదేళ్లు గడిస్తేగాని కవర్ వెర్షన్ చేయకూడదన్నారు, హక్కుదారుకు ముందే డబ్బు కట్టాలన్నారు. బాగానే ఉంది. దర్గా గుమ్మంలో పుట్టిన పాటకి హక్కుదారు ఎవరు? ఫకీరు ఏ కౌంటరు దగ్గర నిలబడి రాయల్టీ తీసుకుంటాడు? అడిగేవాడు లేని పాటను అడక్కుండా తీసుకోవడం సులువు. అందుకే ఈ పని చట్టానిది కాదు, విమర్శది.

మంచి నకళ్లు ఉన్నాయి. అసలును మించినవీ ఉన్నాయి. 'ఆజ్ జానే కీ జిద్ నా కరో' అనగానే అందరికీ ఫరీదా ఖానుమ్ గుర్తొస్తుంది. ఆ పాట మొదట 1973లో 'బాదల్ ఔర్ బిజిలీ' అనే పాకిస్తానీ సినిమాలో వచ్చింది. ఫయ్యాజ్ హష్మీ రాస్తే సోహైల్ రాణా బాణీ కట్టాడు, హబీబ్ వలీ మొహమ్మద్ పాడాడు. ఫరీదా దాన్ని నెమ్మది చేసింది. వెళ్లొద్దని బతిమాలే పాటకి తొందరేముంది? అసలు పాటలో ఉన్న ప్రాణాన్ని ఆమె ఇంకా లోతుకు పోయి పట్టుకుంది. ఇప్పుడు జనానికి అదే అసలు.

మన తెలుగులోనూ చూద్దాం. 1953 హిందీ 'అనార్కలి'లో సి.రామచంద్ర కట్టిన బాణీ 1955 తెలుగు 'అనార్కలి'లో 'జీవితమే సఫలము' అయింది. జిక్కి పాడింది. బాణీ ఎరువు తెచ్చిందే. అయినా ఆ పాట తెలుగు పాటగా నిలబడింది. మొగల్ దర్బారు బానిసపిల్ల గుండె అందులో అలాగే కొట్టుకుంటోంది. రెండేళ్లు తిరక్కుండానే బాకీ తీరింది. ఆదినారాయణరావు 'సువర్ణసుందరి'లో ఘంటసాల, జిక్కి పాడిన 'హాయి హాయిగా' పాట హిందీకి వెళ్లి రఫీ, లతా నోట 'కుహూ కుహూ' అని పలికింది. పాటల తోవ ఎప్పుడూ రెండువైపులా నడిచేదే.

రఫీ సంగతి ఇంకా విచిత్రం. 1970 హిందీ 'గీత్'లో తను పాడిన పాట బాణీనే, 1976లో ఎన్టీఆర్ 'ఆరాధన'లో 'నా మది నిన్ను పిలిచింది' అని తెలుగులో పాడాడు. తన అసలుకు తనే నకలు. తెలుగు అక్షరాలు కొన్ని ఆయన నోట్లో తడబడతాయి. మా అమ్మీ తెలుగూ అట్లాగే ఉంటుంది. అందుకేనేమో ఆ పాట రేడియోలో వస్తే ఆమె పొయ్యి మీది గిన్నె దించి వినేది. ఆ యాసను తెలుగు జనం తప్పు పట్టలేదు, ప్రేమించారు. అదే యాసతో నేను బడిలో పద్యం చదివితే క్లాసంతా నవ్వింది. రఫీ గొంతులో తీపి అయింది మా గొంతులో ఎగతాళి ఎందుకయింది? తెలుగు సమాజం ఈ ప్రశ్నకు జవాబు బాకీ ఉంది.

మనవాళ్ల బాకీ కూడా ఉంది. తెలుగు గాయకుడెవరైనా ఉర్దూ గజల్ ఎత్తుకుంటే చాలు, మన ముషాయిరా పెద్దలు అర్థం వదిలేసి 'ఖాఫ్' పలికాడా, 'గైన్' పలికాడా అని చెవులు రిక్కిస్తారు. తప్పు దొరికితే పెదవి విరుపు. నేనూ విరిచాను. రఫీ తెలుగుకు క్షమాపణ కోరేవాళ్లం తెలుగువాడి ఉర్దూకు ఎందుకివ్వం? ఇంకొందరున్నారు. పాటే హరాం అంటారు, ఆడవాళ్ల గొంతు బయటికి వినబడొద్దంటారు. పాడనివ్వకపోతే ఇక అసలు ఎక్కడిది, నకలు ఎక్కడిది?

నేను విన్న అన్నింటిలోకీ గొప్ప కవర్ వెర్షన్ ఏ క్యాసెట్లోనూ లేదు. మా నానీ వాళ్ల ఊళ్లో పీర్ల పండుగప్పుడు విన్నాను. ఆ ఊళ్లో మావి నాలుగే ఇళ్లు. పీరును ఎత్తుకునేవాడు మావాడు కాదు. డప్పు కొట్టేది మాదిగలు. అలావ చుట్టూ ఆడేది ఊరంతా. మర్సియా అనే మాటను కూడా వాళ్లు విని ఉండరు. కర్బలా ఏ దిక్కున ఉందో ఎవరికీ తెలియదు. కానీ నీళ్లు దొరక్క దప్పికతో పోయినవాళ్ల కథ బోర్లు ఎండిన నల్లగొండ పల్లెకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తెలుగులో, తమ వరసలో, తమ అడుగులతో పాడారు. మా నానీ గడప మీద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకునేది.

ఆ పాటల్లో హసన్, హుసేన్ అని ఉండదు. ఆశన్న, ఊశన్న అని ఉంటుంది. ఖాఫ్, గైన్ల సంగతి దేవుడెరుగు, 'హ' కూడా నిలవలేదు. ఏ మౌల్వీ సాబ్ విన్నా తల పట్టుకుంటాడు. కానీ ఆ చివర చేరిందేమిటో చూడండి. 'అన్న'. పేరును విరిచినవాళ్లు ఆ పేరును ఇంటివాణ్ణి చేసుకున్నారు. బొంబాయి సినిమా 'మస్త్' అనే మాటను ఒక్క అక్షరం చెడకుండా పలికి, ఆ మాట ఎవరి కోసం పుట్టిందో ఆ మనిషిని వదిలేసింది.

సెక్యులర్ మిత్రులకు నేను చెప్పేది ఇంతే. మా బాణీలు తీసుకోండి, బిర్యానీ తీసుకున్నట్టే, షేర్వానీ తీసుకున్నట్టే. గొంతు తేడాగా ఉందని సిగ్గుపడకండి, మేమూ నవ్వం. ఇష్టం వచ్చినట్టు మార్చుకుని పాడండి. ఆ పాటలో ఒక పేరు ఉంటుంది. మీ నోటికి ఎట్లా తిరిగితే అట్లానే, ఆ పేరు పెట్టి పిలవండి.