పడమటింటి గోడ

మా అమ్మమ్మగారి మండువా ఇంట్లో పడమటింటి గోడ ఎండాకాలం మధ్యాహ్నాలు పిల్లలందరికీ ఆస్తి. చొక్కాలు విప్పేసి వీపు ఆనించి కూర్చుంటే కుండలో నీళ్లు తాగినంత హాయి. దగ్గరగా చూస్తే మన ముఖం మసకగా కనిపించేది. ఆ మెరుపు రంగుతో వచ్చింది కాదు. డంగు సున్నాన్ని పొర మీద పొరగా పూసి, గులకరాయితో రుద్ది రుద్ది తెచ్చిన నునుపు అది.

ఇప్పుడు ఇంటి లోపలి గోడల తీరు మార్చాలంటే అందరూ కేటలాగు తెరుస్తున్నారు. టెక్స్చర్ పెయింటు, వాల్ పేపరు, డబ్బాలో వచ్చే ‘సున్నపు ఫినిష్’. వేలితో తట్టి చూడండి, ప్లాస్టిక్ చప్పుడు వినిపిస్తుంది.

అసలు పని బట్టీ దగ్గర మొదలవుతుంది. సున్నపురాయి సుమారు 900 డిగ్రీల వేడికి కాలితే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. మిగిలిన రాయి మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడికి విరుగుతుంది. కోస్తాలో గుల్లలు కాల్చీ సున్నం చేసేవారు. ఆ సున్నాన్ని ఇసుకతో కలిపి, ఎడ్లు తిప్పే గానుగలో రాతి చక్రం కింద నలిపితే డంగు సున్నం. పైపూతకు వాడే సున్నం మాత్రం కుండలో నీళ్ల కింద నెలల తరబడి నానాలి. నానినకొద్దీ వెన్న అవుతుంది. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు, గుడ్డు తెల్లసొన, ఒక్కో ఊరు ఒక్కో దినుసు కలిపేది. ఈ సున్నపు పూతనే గచ్చు అంటారు; గచ్చుతో కట్టిన బావి ఉండబట్టే గచ్చిబౌలికి ఆ పేరొచ్చిందని పెద్దలంటారు.

గోడ మీదికొచ్చాక అంతా మేస్త్రి చేతిలోనే ఉంది. మా వైపు ఒక పెద్దాయన పని చేస్తుంటే గంటల కొద్దీ నిలబడి చూశాను. ముందు పాత పెయింటు, పుట్టీ ఇటుక కనిపించేదాకా గీకించాడు. ఇటుకల సందులు తవ్వి, గోడ దాహం తీరేదాకా తడిపాడు. మొదటి పూత గరుకు ఇసుకతో, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు. అది కాస్త గట్టిపడ్డాక గీతలు గీశాడు, పై పూత పట్టుకోవడానికి. రెండోది సన్న ఇసుకతో. మూడోది జల్లించిన సున్నం, పాలరాతి పొడి కలిపి, గోరు మందం కూడా లేకుండా. ఇక్కడే గోడ స్వభావం తేలుతుంది. చెక్క గురుమాలతో తిప్పి వదిలేస్తే పాలరాతి పలుకు పైకి తేలి, దీపం వెలుగులో గోడంతా సన్నగా నలుగుతుంది. ఇనుప తాపీతో నొక్కితే పట్టులా అవుతుంది. తడి ఆరీ ఆరకముందే గులకరాయితో రుద్దితే అద్దం.

ఆ ‘ఆరీ ఆరని’ ఘడియ ఎప్పుడొస్తుందో ఏ పుస్తకమూ చెప్పదు. ఆయన అరచేతి వెనక భాగం గోడకు ఆనించి చూసేవాడు. ఒక్క నిమిషం ముందైతే సున్నం రాయికి అంటుకుని లేచిపోతుంది, ఆలస్యమైతే మెరుపు రాదు. అతుకు కనబడకూడదని గోడ మొత్తం ఒకే పూటలో ముగించాడు. అన్నం తినమంటే “గోడ ఆగదు బాబూ” అన్నాడు. ఆ తరవాత కొన్నాళ్లు ఫ్యాను వెయ్యనివ్వలేదు, తడిగుడ్డలు కట్టించాడు. సున్నం గాలిలోంచి బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయవుతుంది. దాన్ని తొందరపెడితే నెర్రెలిస్తుంది.

చెట్టినాడు గోడలనీ, జైపూర్ ఆరాయిష్ సున్నపు పూత అనీ మనవాళ్లు రైలెక్కి వెళ్లి చూసొస్తారు. అవి గొప్పవే, కాదనను. కానీ లేపాక్షి వీరభద్రాలయంలో తలెత్తి చూశారా? నల్లరాతి కప్పుకు తలకిందులుగా పట్టించిన సున్నపు పూత 16వ శతాబ్దం నుంచి కప్పు మీది రంగుల బొమ్మల్ని మోస్తోంది. హైదరాబాద్‌లో పైగా సమాధుల గచ్చుపని చూడండి, తీగ తీగకూ వేరే వంపు. 1591 నాటి చార్మినార్ ఒంటి మీది పూలు కూడా సున్నపు చేతులు దిద్దినవే. నా మటుకు నాకు పైగా సమాధుల పనివాళ్లను మించినవాళ్లు లేరు. వాళ్ల పేర్లు మనం దాచుకోకపోవడం మన దరిద్రం.

సిమెంటు వచ్చాక ఏం జరిగింది? సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేదు. ఉప్పు తేలుతుంది, పెచ్చులూడుతుంది. కుతుబ్‌షాహీ సమాధుల మీద గత శతాబ్దంలో మెత్తిన సిమెంటును ఒలిచి, మళ్లీ సున్నం పూయడం 2013లో మొదలైన మరమ్మతుల్లో పెద్ద పని. రాజుల సమాధులకు తెలిసొచ్చిన సంగతి మన ఇళ్లకు ఇంకా తెలియలేదు. మా సొంత ఇంటికే ఒక కాంట్రాక్టరు పాత గోడల మీద సిమెంటు, దాని మీద పుట్టీ, ఆపైన ఖరీదైన టెక్స్చర్ వేసి పోయాడు. రెండు వానాకాలాలు తిరక్కుండానే అరచేతి వెడల్పున పొరలు లేచాయి. డబ్బు పోయినందుకు కాదు, ఆ పెద్దాయన బతికుండగా ఆయన్ని పిలవనందుకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

ఆయన కొడుకులు ఇప్పుడు రోలరు పట్టి పుట్టీ పనికి పోతున్నారు. వాళ్ల తప్పేముంది? డంగు సున్నం అడిగే ఇల్లేదీ? మీ ఊళ్లో పాత ఇల్లుంటే రంగు డబ్బా తెరిచేముందు ఒక మూల గోటితో గీకి చూడండి. కింద ఆ నునుపు తగిలితే దయచేసి దాన్ని కప్పెయ్యకండి. తెలిసిన చెయ్యి ఒక్కటి మిగిలినా పిలిచి, ఒక్క గదైనా చేయించండి. పక్కన ఒక కుర్రాణ్ణి నిలబెట్టండి.

పెద్దాయన చిన్నకొడుకు ఒప్పుకున్నాడు, చిన్నప్పుడు తండ్రికి గులకరాయి అందించిన చెయ్యి అది. మా వెనకగది గోడ ఇటుకదాకా గీకించి ఉంచాను. పెరట్లో రెండు కుండల సున్నం నీళ్ల కింద నానుతోంది. సంక్రాంతి వెళ్లాక మూత తీస్తాం.