లండన్ బొమ్మ, ఊరి చెక్క

లిస్బన్‌లోనో కోపెన్‌హాగన్‌లోనో పద్దెనిమిదో శతాబ్దపు కుర్చీ ఒకటి వేలానికి వస్తే, పక్కనే లండన్ వడ్రంగి చిపెండేల్ పేరు వినిపించడం మామూలే. ఆ పేరు వెనక ఒక మనిషి చేతిపనిని ఊహించుకోవడం పొరపాటు. యూరప్‌లో ఇంగ్లీషు కుర్చీ అంతగా పాకడానికి ముఖ్య కారణం దాని వెన్ను అని నా అభిప్రాయం. ఆనాటి పారిస్ కుర్చీని చూడండి. చట్రం ఒకరు చేస్తే చెక్కడం మరొకరిది, బంగారు పూత ఇంకొకరిది, మెత్త కుట్టడం వేరే పనివాడిది. ఇంగ్లీషు కుర్చీకి ఆ హంగు అక్కర్లేదు. వెన్ను నడుమ ఒకే ఒక పలక, అందులో సన్న రంపంతో కోసిన అల్లిక, పైన మెరుగు. అమెరికా వలసల కలప మీద బ్రిటన్ 1721లో సుంకం ఎత్తేశాక జమైకా మహాగని లండన్ రేవుకు విరివిగా వచ్చింది. సన్నగా కోసినా తేలిగ్గా విరగని ఆ గట్టి చెక్కే అలాంటి వెన్నుకు ఊతమిచ్చింది. పలక ఆకారమంతా కాగితం మీద గీతల్లో ఇమిడిపోతుంది కాబట్టి, చేయి తిరిగిన ఏ వడ్రంగైనా దాన్ని చూసి కోయగలడు.

చిపెండేల్ 1754లో అచ్చువేసిన ‘డైరెక్టర్’ నమూనాల పుస్తకం చేసింది ఈ పనే. చందాదారుల్లో ప్రభువులూ ఉన్నారు, పనివాళ్ళూ ఉన్నారు. 1762 నాటి మూడో కూర్పు ఫ్రెంచిలో కూడా వచ్చింది. మరో లండన్ వడ్రంగి హెపుల్‌వైట్ సంగతి మరీ విచిత్రం. ఆయన 1786లో పోయాడు, పుస్తకాన్ని రెండేళ్ళ తర్వాత భార్య ఆలిస్ వేయించింది. ఖాయంగా ఆయన చేసిందేనని చెప్పగల కుర్చీ ఒక్కటీ దొరకలేదు! అయినా డాలు ఆకారపు వెన్ను కనిపిస్తే చాలు, ఆయన పేరే చెబుతారు.

పుస్తకాల కంటే ముందు కుర్చీలే ఓడెక్కాయి కదా అంటారు. నిజమే. లండన్ వ్యాపారి జైల్స్ గ్రెండీ 1730ల ప్రాంతంలోనే ఎర్ర లక్క పూత కుర్చీలను స్పెయిన్‌లోని లాజ్‌కానో కోటకు పంపాడు. అయితే ఓడలో వచ్చింది కొన్నవాడి గదికే పరిమితం. అక్కడి పనివాడి చేతిలోకి వచ్చాకే అది ఆ దేశపు కుర్చీ అవుతుంది. పోర్చుగల్ వాళ్ళు ఆ వెన్నునే బ్రెజిల్ జకరండా చెక్కలో చెక్కారు. చెక్కడం ఇంకా బరువెక్కింది, లండన్‌లో మానేస్తున్న కాళ్ళ మధ్య అడ్డకర్రలను చాలాచోట్ల వాళ్ళు అలాగే ఉంచుకున్నారు. పారిస్‌లో పేరుమోసిన కుర్చీల పనివాడు జార్జ్ జాకబ్ కూడా మహాగనితో, కోత వెన్నుతో ఇంగ్లీషు తరహా కుర్చీలు చేశాడు. అంతెందుకు, మన విశాఖపట్నం పనివాళ్ళు ఇంగ్లీషు నమూనా కుర్చీలకు ఏనుగు దంతం పొదిగారు.

ఇంకో ఆక్షేపణ ఇంతకంటే బలమైనది: ఇంగ్లీషువాళ్ళకు సొంతమేముంది? వంపు కాలు ఫ్రాన్సు నుంచి వచ్చింది, నడుమ పలకకు చైనా కుర్చీలు దారి చూపాయి. ‘డైరెక్టర్’లోనే ఫ్రెంచి కుర్చీలని పేరు పెట్టిన పుటలున్నాయి. ఇదంతా ఒప్పుకోవలసిందే, దాచాల్సిన పనీ లేదు. కాకపోతే అరువు తెచ్చుకున్న ముక్కలను లండన్ పనివాళ్ళు బంగారమూ పట్టూ అక్కర్లేని చెక్క వెన్నుగా కుదించారు. మిగతా దేశాలు తీసుకున్నది ఆ కుదింపునే. పారిస్ రాజసాన్ని దించుకోవాలంటే డబ్బూ పనివాళ్ళ బలగమూ కావాలి. దీనికి ఒక రంపమూ ఒక నమూనా పుటా చాలు.

అందుకే కొనేవాళ్ళకు ఒక మాట. ఇంగ్లండ్‌లోని హేర్‌వుడ్ హౌస్, నోస్టెల్ ప్రయరీ లాంటి భవనాల్లోని సామాను చిపెండేల్‌దని చెప్పగలుగుతున్నది ఆయన పంపిన బిల్లులు మిగిలాయి కాబట్టి. అలాంటి కాగితమేదీ లేకుండా ఆయన పేరు మీద ధర చెబితే, ముందు కుర్చీని తిరగేసి అది ఏ ఊరి చెక్కో చూడండి.